మఠం గోడ చదవాలంటే ముందు జర్మన్ నేర్వాలి

ప్రశ్న: మా అమ్మాయి బి.ఆర్క్ నాలుగో సంవత్సరం. యూరప్‌లోని పాత క్రైస్తవ మఠాలు, పాత పట్టణాల ఇళ్ల మీద పురావస్తు చదువు చదువుతానంటోంది. ఆర్కిటెక్ట్‌కి తవ్వకాలతో పనేంటి? ఉద్యోగం దొరుకుతుందా? టెన్షన్‌గా ఉంది. – ఒక తండ్రి, విజయవాడ

జవాబు: ఈ రంగమంటే తవ్వకాలొక్కటే కాదండీ. నిలబడి ఉన్న గోడను చదవడం కూడా ఇందులో భాగమే. జర్మనీలో దాన్ని బౌఫోర్షుంగ్ అంటారు. మట్టిలో ఉన్నట్టే గోడలోనూ పొరలుంటాయి: మూసేసిన తలుపు, దాని చుట్టూ రంగు మారిన సున్నం, పరంజా కర్రలు దూర్చిన రంధ్రాలు. ఏది ముందు, ఏది తర్వాత అన్నది కొలిచి, గీసి తేలుస్తారు. దూలానికి బెరడు అంచు మిగిలి ఉంటే, కలపలోని వలయాలను బట్టి చెట్టును ఏ ఏడాది కొట్టారో చెప్పే వీలుంది. అప్పట్లో కలపను ఎక్కువగా పచ్చిగానే వాడేవారు కాబట్టి ఇంటి వయసూ దాదాపు తెలిసిపోతుంది. కొలవడం, గీయడం మీ అమ్మాయికి వచ్చిన పనే కదా.

జర్మనీలో 764లో మొదలైన లార్ష్ మఠంలో ఇప్పుడు నేల మీద కనిపించేది ద్వార మండపం, చర్చిలో కొంత భాగం, ఇంకొన్ని గోడలు. మిగతాదాని ఆనవాళ్లు మట్టి కింద వెతకాల్సిందే. స్విట్జర్లాండ్‌లోని సెయింట్ గాలెన్ లైబ్రరీలో 9వ శతాబ్దం నాటి మఠం ప్లాన్ ఒకటి ఉంది. తోలు మీద కోళ్ల గూళ్లతో సహా గీశారు. కానీ ఆ ప్లాన్‌లో ఉన్నట్టు ఎక్కడా కట్టలేదు! శాంక్షన్ ప్లాన్‌కీ కట్టిన ఇంటికీ పొంతన లేకపోవడం మనకేం కొత్త కాదులెండి.

చదువుకి జర్మనీలో బాంబెర్గ్, ఇంగ్లండ్‌లో యార్క్ చూడండి. యార్క్‌లో ఇంగ్లిష్ మీడియమే, ఫీజు మాత్రం బరువు. జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజు లేదు, బతకడానికి సరిపడా డబ్బు ఉందని మాత్రం చూపించాలి. బాంబెర్గ్ పాత పట్టణం 1993 నుంచి యునెస్కో జాబితాలో ఉంది, క్లాసు దాటితే అదే ల్యాబ్. అయితే పాఠాలు జర్మన్‌లో ఉంటాయి, పాత ఇళ్ల రికార్డులూ జర్మన్‌లోనే. మార్కుల కంటే నన్ను భయపెట్టేది ఇదే. ఈ నెలలోనే భాష మొదలుపెట్టించండి.

ఉద్యోగాలు సాఫ్ట్‌వేర్‌లో దొరికినన్ని దొరకవు. అక్కడి రాష్ట్రాల వారసత్వ కార్యాలయాలు, పాత భవనాల సర్వే చేసే చిన్న సంస్థలు, మ్యూజియంలు, అంతే. తిరిగొస్తే కన్సర్వేషన్ ఆర్కిటెక్ట్‌గా, అంటే పాత కట్టడాలను కాపాడే ఆర్కిటెక్ట్‌గా పని చేయొచ్చు. విదేశం వద్దనుకుంటే ఢిల్లీ ఎస్‌పీఏలో (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) కన్సర్వేషన్‌లో పీజీ ఉంది.

మీ ఊళ్లో పాత మండువా ఇల్లు ఉంటే, ఈ సెలవుల్లో టేపుతో కొలిచి గీయమనండి. ఏ గది తర్వాత కలిపారో గోడ చూసి రాయమనండి. నాలుగో రోజుకే విసుగొస్తే మీకే తెలిసిపోతుంది. రాకపోతే ఆ డ్రాయింగ్‌లే అప్లికేషన్‌లో పెట్టొచ్చు.