ఆ మాత్ర నీ అంతట నువ్వు ఆపవద్దు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

షుగరుకూ కిడ్నీకీ ఇచ్చే డపాగ్లిఫ్లోజిన్ మాత్ర మొదలుపెట్టిన నెలకే క్రియాటినిన్ (కిడ్నీ వడపోత తగ్గితే రక్తంలో పెరిగే వ్యర్థం) 1.4 నుంచి 1.6కు పెరిగిందని, భయపడి మాత్ర మానేశావని మీ అమ్మ చెప్పింది. రాత్రంతా నాకు అదే ధ్యాస.

మీ తాతయ్య కాలువ మీద లస్కరుగా పనిచేశారు. తెల్లవారుజామున లాంతరు పట్టుకుని వెళ్లి దిగువన గేజీ రాయి మీద నీటిమట్టం చూసేవారు. ఎక్కువగా ఉంటే వెనక్కి వచ్చి మరచక్రం తిప్పి తూము తలుపు దించేవారు. కిడ్నీలో రక్తాన్ని వడగట్టే సన్న నాళాల గుత్తి ప్రతిదానికీ అలాంటి లస్కరు ఉన్నాడు. మాక్యులా డెన్సా అనే చిన్న కణాల గుంపు. ఎదుట పారే ద్రవంలో ఉప్పు పెరిగితే అవి ఏటీపీ అనే శక్తి అణువును బయటికి వదులుతాయి. బయటి ఎంజైములు దాన్ని అడినోసిన్‌గా మారుస్తాయి. అడినోసిన్ ఏ1 గ్రాహకాన్ని, అంటే నాళం మీద ఆ సంకేతం అందుకునే చోటును, తాకగానే గుత్తికి రక్తం తెచ్చే సన్న నాళం బిగుసుకుంటుంది. గుండె రక్తనాళాలను వదులు చేసే పదార్థమే ఇక్కడ బిగిస్తుంది! ముప్పై ఏళ్లు జువాలజీ చెప్పిన నాకు ఇది ఇప్పటికీ అబ్బురమే.

షుగరు ఉన్నప్పుడు ఈ లస్కరు మోసపోతాడు. ఎగువ గొట్టం చక్కెరతోపాటు ఉప్పునూ అతిగా వెనక్కి లాగేస్తుంది. తన దాకా ఉప్పు రాకపోయేసరికి నీరు చాలడం లేదనుకుని తలుపు ఎత్తే ఉంచుతాడు. ఆ ఒత్తిడికి గుత్తి దెబ్బతిని రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రొటీన్ మూత్రంలోకి జారుతుంది. నీ మాత్ర ఆ లాగుడును అడ్డుకుంటుంది. ఉప్పు లస్కరును చేరుతుంది, తలుపు దిగుతుంది. తలుపు దించితే కాలువలో నీరు తగ్గదా? నీ రిపోర్టులో కనబడింది చాలావరకు అదే. కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఈ మాత్ర ఇచ్చి చూసి, 2020లో ఫలితాలు వెలువరించిన డపా-సీకేడీ పరీక్షలో నాలుగు వేలమందికి పైగా పాల్గొన్నారు. మాత్ర వేసుకున్నవారిలో వడపోత మొదట కొంచెం తగ్గింది, తర్వాత క్షీణత నెమ్మదించింది. వడపోత రేటు మునుపటికన్నా 30 శాతానికి మించి తగ్గితే మాత్రం వెంటనే డాక్టరుకు చూపించాలి.

వాంతులు, విరేచనాలు పట్టుకున్నా, తిండి తినలేకపోయినా కోలుకునేదాకా మాత్ర ఆపమంటారు. అప్పుడు కూడా డాక్టరుకు ఫోను చెయ్యి. ఎండలో రొయ్యల చెరువు గట్టు మీద తిరిగేవాడివి, నీళ్లు దగ్గర ఉంచుకో. ఒళ్లు నొప్పులని మందుల షాపులో డైక్లోఫెనాక్ కొనకు. మోకాలి నొప్పికి వారం రోజులు మింగి నేను కిడ్నీ మీదకు తెచ్చుకున్నాను.

సోమవారం రిపోర్టులు పట్టుకుని డాక్టరు దగ్గరకు వెళ్లు. మాత్ర మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో, రక్తపరీక్ష ఎప్పుడు చేయించాలో అడిగి నాకు చెప్పు.

మామయ్య
అమలాపురం