నోటీసు పెట్టినా తొట్లు తోమడం లేదు.. ఏం చేయాలి?

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో ఇద్దరికి డెంగీ వచ్చింది. అసోసియేషన్ సెక్రటరీగా ‘పరిసరాలను శుభ్రంగా ఉంచుకోండి’ అని లిఫ్ట్ పక్కన నోటీసు అంటించాను. ఫలితం లేక ‘డెంగీ ప్రాణాంతకం! ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ పట్టించుకోవడం లేదు’ అని ఎర్ర అక్షరాలతో ఇంకోటి పెట్టాను. ఒక్కరూ కదల్లేదు. ఇంకెలా భయపెట్టాలి?
– ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: భయపెట్టింది చాలండి. మీ మొదటి నోటీసు చదివినవాళ్లకు తమ ఇల్లు గుర్తొస్తుంది. రోజూ ఊడ్చి తుడిచేదే కదా, ‘ఇది మాకు కాదులే’ అనుకుని లిఫ్ట్ ఎక్కేస్తారు. డెంగీ దోమకు మురుగు అక్కర్లేదు, మంచినీళ్లలోనే పెరుగుతుంది. మీ నోటీసు వాళ్లను కాలువ వైపు చూడమంది, దోమేమో ఫ్రిజ్ వెనక ట్రేలో ఉంది.

రెండోది ఇంకా నష్టం చేసింది. ‘ఎవరూ పట్టించుకోవడం లేదు’ అంటే పట్టించుకోకపోవడమే ఇక్కడి పద్ధతని మీరే రాసి అంటించినట్టు. పైగా భయపడ్డ మనిషికి వెంటనే చేయడానికో పని దొరకాలి. లేదంటే ఆ నోటీసు వైపు చూడటమే మానేస్తాడు.

ఆరోగ్య సిబ్బంది ‘ఫ్రైడే డ్రై డే’ అనడం వినే ఉంటారు. అందులో ఏ రోజు చేయాలో ఉంది, ఏం చేయాలో కూడా ఉంది. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది కాబట్టి వారానికోసారి చాలు. కాకపోతే ‘డ్రై’ అనగానే అందరూ నీళ్లు పారబోసి ఊరుకుంటారు. గుడ్లు నీటి అంచున గోడకు అంటుకుని, ఎండినా నెలల తరబడి బతుకుతాయి. అందుకే ‘తోమండి’ అని రాయాలి.

నేనైతే ఇలా రాస్తాను: ‘శుక్రవారం ఉదయం పది నిమిషాలు. ఫ్రిజ్ ట్రే, కూలర్, పూలకుండీల కింది ప్లేట్లు: నీళ్లు పారబోసి పీచుతో తోమండి. కింద ఆడుకునే పిల్లల కోసం. మూడో అంతస్తులో నలుగురు ఇప్పటికే చేశారు.’ ఆ నలుగురి మాట నిజమైతేనే రాయండి, లేదా ముందు మీ ఇంటి ట్రేతో మొదలుపెట్టండి. పిల్లల మాట ఊరికే చేర్చలేదు. అమెరికాలో ఒక ఆసుపత్రిలో చేసిన అధ్యయనం 2011లో వచ్చింది. చేతులు కడిగితే ‘మీకు’ జబ్బులు రావు అన్న బోర్డు కంటే, ‘రోగులకు’ రావు అన్న బోర్డు ఉన్నచోట సిబ్బంది సబ్బు ఎక్కువ వాడారు.

‘ప్లేట్‌లెట్లు పడిపోతాయి’ అని మాత్రం రాయకండి, జనం బొప్పాయి ఆకుల కోసం పరుగెడతారు. దానికి బదులు, జ్వరానికి పారాసిటమాల్ మాత్రమే వేసుకోవాలని, ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోవద్దని రాయండి. జ్వరం తగ్గాక తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తే ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్లాలి. ఈ మాట ఆ ఇద్దరి ఇళ్లకూ మీరే వెళ్లి చెప్పండి.