జ్వరం లేదు కదా అని నెలలోపు బిడ్డ విషయంలో ఆగొద్దు

ప్రశ్న: మాది వింజమూరు దగ్గర పల్లెటూరు. ఎనిమిదో నెలలోనే కాన్పయింది. బాబు బరువు 1.8 కిలోలు. ఊపిరి ఆడక నెల్లూరులో పది రోజులు ఐసీయూలో పెట్టి పంపించారు. ఇప్పుడు 21వ రోజు. నిద్రలో గబగబా ఊపిరి తీసి, కాసేపు ఆపేస్తాడు. పాలు తాగాక కక్కుతాడు. కడుపులో గాలి చేరిందని మా అత్తమ్మ ఆముదం పోద్దామంటోంది. ప్రతిదానికీ నెల్లూరు పరిగెత్తలేం. ఎప్పుడు భయపడాలి డాక్టర్ గారూ?
- ఓ తల్లి

సమాధానం: అమ్మా, ముందు మీ రెండు అనుమానాలు తీరుస్తాను. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు నిద్రలో వేగంగా ఊపిరి తీసి, ఐదు నుంచి పది సెకన్లు ఆగి, మళ్లీ తీయడం మామూలే. 20 సెకన్లు దాటి ఆగినా, ఆగినప్పుడు పెదాలు నీలంగా మారినా, ఒళ్లు తోటకూర కాడలా వాలిపోయినా మాత్రం అది ప్రమాదం. ఇక పాలు తాగాక ఓ గుక్క విరిగిన పాలు కక్కడానికి టెన్షన్ పడకండి. చక్కగా తాగుతూ, బరువు పెరుగుతుంటే చాలు.

పుట్టగానే బాబుకు ఊపిరి ఆడకపోవడానికి కారణం చాలావరకు నెలలు తక్కువ కావడమే. ఊపిరితిత్తుల్లోని చిన్న గాలి గదులు ముడుచుకుపోకుండా కాపాడే పదార్థం ఒకటుంటుంది. అది కడుపులో చివరి వారాల్లోనే సరిపడా తయారవుతుంది. ఆ గండం దాటాడు. కానీ ఇలాంటి పిల్లలకు మామూలు జలుబు కూడా న్యుమోనియాగా ముదిరిపోవచ్చు. అందుకే బాబు నిద్రపోతున్నప్పుడు చొక్కా పైకెత్తి, ఫోన్‌లో టైమర్ పెట్టుకుని, పూర్తిగా ఒక నిమిషం పాటు పొట్ట ఎన్నిసార్లు లేస్తుందో లెక్కపెట్టండి. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయకండి, ఈ వయసులో ఊపిరి ఒక్క తీరుగా ఉండదు. 60 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే వెంటనే మరోసారి చూడండి. మళ్లీ అంతే ఉంటే బయల్దేరాలి. డొక్కలు ఎగరేస్తున్నా, ముక్కుపుటాలు అదురుతున్నా, ఊపిరి వదిలేటప్పుడు మూలుగు వినిపిస్తున్నా లెక్కపెడుతూ కూర్చోవద్దు.

పేగుల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. నెలలు తక్కువ పిల్లల్లో రెండు, మూడు వారాల వయసులో పేగు గోడ వాచి, కుళ్లిపోయే జబ్బు రావచ్చు. అప్పటిదాకా బాగా తాగిన బిడ్డ పాలు వద్దంటాడు, పొట్ట ఉబ్బి మెరుస్తుంది, విరేచనంలో రక్తం పడుతుంది. వాంతి తెల్లగా కాకుండా ఆకు పసరు రంగులో వస్తే, ఒక్కసారి వచ్చినా సరే, రాత్రి రెండింటికైనా సరే, తెల్లారేదాకా ఆగొద్దు. పేగు మెలిపడినా వాంతి ఇలాగే పచ్చగా ఉంటుంది. కొన్ని గంటల్లోనే పేగు చచ్చిపోతుంది. అలాంటప్పుడు పాలు కూడా ఆపేసి తీసుకెళ్లండి.

ఇలాంటి కడుపులో ఆముదం పోస్తే ఏమవుతుందో ఆలోచించండి. గ్రైప్ వాటర్, వస, తేనె, గాడిద పాలు కూడా వద్దు. పొట్ట మీద వాతలు అసలు వద్దు. స్నానం పోసేటప్పుడు ముక్కులో నూనె చుక్కలు వేయడం, సాంబ్రాణి పొగ పట్టడం ఈ ఊపిరితిత్తులకు నేరుగా హాని. మీ అత్తమ్మ మనవడి మీద ప్రేమతోనే అంటున్నారు, ఆవిడతో గొడవపడకండి. బాబును డైపర్, టోపీతో తన గుండెల మీద ఒంటికి ఒళ్లు ఆనేలా పడుకోబెట్టుకుని, పైన దుప్పటి కప్పుకోమనండి. ఈ కంగారూ పద్ధతి తల్లే చేయాలనేం లేదు. బిడ్డ వెచ్చగా ఉంటాడు, బరువు పెరుగుతాడు, ఇన్ఫెక్షన్లూ తగ్గుతాయి. మీరు రెండు గంటలకోసారి మీ పాలే పట్టండి. పేగుల జబ్బు రాకుండా కాపాడేవాటిలో తల్లిపాలను మించింది లేదు.

ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకితే పెద్దవాళ్లకైతే ఒళ్లు కాలిపోతుంది. ఇంత చిన్న బిడ్డకు చాలాసార్లు జ్వరమే రాదు, ఉల్టా ఒళ్లు చల్లబడుతుంది. పాదాలతో పాటు పొట్ట కూడా చల్లగా తగిలితే అనుమానించండి. థర్మామీటర్ చంకలో పెట్టి చూస్తే 35.5 సెల్సియస్ కంటే తగ్గినా, 37.5 దాటినా చూపించాల్సిందే. లేపినా లేవకపోవడం, ఏడుపు సన్నగా అయిపోవడం, ఫిట్స్, అరచేతులు, అరికాళ్ల దాకా పచ్చబడటం, బొడ్డు చుట్టూ ఎర్రబడి చీము కారడం ఇవన్నీ ఆ కోవలోవే. జబ్బు ఊపిరితిత్తుల్లో ఉన్నా, పేగుల్లో ఉన్నా, రక్తంలో ఉన్నా మొదట కనిపించేది చాలాసార్లు ఒకటే, పాలు తాగడం తగ్గిపోతుంది. ఏ జబ్బో తేల్చే పని మాకు వదిలేయండి. వరుసగా రెండుసార్లు సరిగా తాగలేదంటే బయల్దేరండి.

108కి ఫోన్ చేయండి. ఏడాదిలోపు పిల్లలకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో వైద్యం, రవాణా ఉచితం. దారిలో బాబును మీ గుండెలకు హత్తుకునే ఉంచండి. ఐసీయూ వాళ్లిచ్చిన డిశ్చార్జ్ కాగితం మర్చిపోకండి.

మీరు అడగకపోయినా ఇంకొకటి చెప్పాలి. 2 కిలోలలోపు పుట్టిన పిల్లలకు, అందులోనూ ఆక్సిజన్ పెట్టినవాళ్లకు కంటి రెటీనా దెబ్బతినే అవకాశం ఉంది. బయటికి ఏమీ కనపడదు. పుట్టిన 30 రోజుల్లోపు కంటి డాక్టర్ చుక్కలు వేసి చూడాలి. మీకిక తొమ్మిది రోజులే ఉన్నాయి. డిశ్చార్జ్ కాగితంలో ఆ తేదీ రాశారేమో ఈరోజే చూడండి, లేకపోతే ఆ ఐసీయూకే ఫోన్ చేసి అడగండి.