ముందు ఆ డ్రెయిన్ ప్లగ్ విప్పనివ్వకండి

ప్రశ్న: మాది ఒంగోలు. నా సీవీటీ (గేర్లకు బదులు పుల్లీలు, బెల్టుతో నడిచే) ఆటోమేటిక్ కారుకు 2024 ఆగస్టు 20న విజయవాడలో ఒక గ్యారేజీలో గేర్‌బాక్స్ ఆయిల్ మార్పించాను. ఆయిల్ వాళ్లదే. యూపీఐలో రూ.6,500 కట్టాను, బిల్లు తీసుకోలేదు. అక్టోబరు నుంచి బండి కదిలేటప్పుడు వణుకు. అడిగినప్పుడల్లా ‘సెట్ అవుతుంది సార్’ అన్నారు. పోయిన నెల అమ్మను గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్తుంటే చిలకలూరిపేట దాటాక ఆగిపోయింది. కంపెనీ షెడ్డులో గేర్‌బాక్స్ మార్చాలి, లక్షా 70 వేలు అంటున్నారు. గ్యారేజీ మీద చీటింగ్ కేసు పెట్టొచ్చా? తెలిసిన మెకానిక్ పాత తేదీతో బిల్లు రాసిస్తానంటున్నాడు.

జవాబు: మీ మనసంతా ఆ ఆసుపత్రి ప్రయాణం మీదే ఉంది. కేసు దాని మీద నడవదు. మీకు పనికొచ్చేది చీటింగ్ కేసు కాదు, వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు. ఇప్పుడు గేర్‌బాక్స్‌లో ఉన్నది సీవీటీ ఆయిలా, మామూలు ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో పోసే ఏటీఎఫా? తేలాల్సింది ఇదొక్కటే. సీవీటీలో రెండు పుల్లీల మధ్య ఉక్కు బెల్టు తిరుగుతుంది. అది జారకుండా పట్టు నిలిపేది ఆ ఆయిలే. రకం మారితే బెల్టు జారుతుంది, పుల్లీలు గీసుకుపోతాయి.

కంపెనీ షెడ్డువాళ్లు గేర్‌బాక్స్ దించితే, అడుగున ఆయిల్ వదిలే బిరడా, అదే డ్రెయిన్ ప్లగ్, విప్పి మొదట పారబోసేది ఆ ఆయిల్‌నే. దానితో మీ సాక్ష్యమూ పోయినట్టే. కాబట్టి దాన్ని విప్పొద్దని షెడ్డువాళ్లకు రేపే రాసిచ్చి, నకలు మీద సంతకం, ముద్ర వేయించుకోండి. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 38 కింద కమిషన్ నమూనా తీయించి, సీలు వేసి లేబొరేటరీకి పంపగలదు. పరీక్ష ఫీజు మీరే డిపాజిట్ చేయాలి.

మీరు పంపిన ఫొటోల్లో, అమ్మగారు గ్యారేజీలో కుర్చీలో కూర్చున్నది ఒకటుంది. ఆమె వెనక బల్ల మీద డబ్బా చూశారా? ఏటీఎఫ్ అని ఉంది, సీవీటీ అన్న మాట లేదు. ఆ డబ్బాలోదే మీ బండిలో పోశారని ఫొటో ఒక్కటే రుజువు చేయదు. కానీ యూపీఐ రికార్డు, గ్యారేజీవాళ్లతో వాట్సాప్ చాట్, ఓనర్స్ మాన్యువల్‌లో ఏ ఆయిల్ వాడాలో చెప్పే పేజీ, ల్యాబ్ రిపోర్టు పక్కన పెడితే బలం వస్తుంది. చాట్, ఫొటోలకు భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్, అంటే ఆ ఎలక్ట్రానిక్ రికార్డు ఏ ఫోన్‌లోదో ధ్రువీకరించే కాగితం, జతచేయాలి. అందాకా ఫోన్ మార్చకండి.

గడువు సంగతి. సెక్షన్ 69 ప్రకారం రెండేళ్లు. బండి ఆగిన రోజు నుంచి లెక్కేసుకుంటున్నారు మీరు. అవతలి వకీలు ఆయిల్ పోసిన రోజు నుంచి లెక్కిస్తాడు. అందుకని 2026 ఆగస్టు 19 లోపే ఫిర్యాదు దాఖలు చేయండి. ‘సెట్ అవుతుంది’ అన్న మాటలు గానీ, లాయరు నోటీసు గానీ గడువును పెంచవు. ఆలస్యాన్ని మన్నించమని అడగొచ్చు, కానీ దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు.

ఇరవై నెలలు వణికే బండినే తిప్పారు, ఒక్క కాగితం అడగలేదు. పరిహారం తగ్గించమనడానికి వాళ్లకు ఇదొక్కటి చాలు. మధ్యలో ఇంకెక్కడా ఆయిల్ మార్చలేదని అఫిడవిట్‌లో రాయాలి, అది నిజమైతేనే.

ఇక ఆ పాత తేదీ బిల్లు జోలికి పోకండి. కమిషన్ విచారణ న్యాయ విచారణ కిందే లెక్క. అందులో దొంగ సాక్ష్యం పెడితే భారతీయ న్యాయ సంహిత 229 కింద ఏడేళ్ల వరకు జైలు. రూ.6,500 పని చేసినవాణ్ని పట్టుకోబోయి మీరే ముద్దాయి అవుతారు. చీటింగ్ కేసూ నిలవదు. మొదటి నుంచే మోసగించే ఉద్దేశం ఉన్నట్టు చూపాలి, ఇక్కడ కనిపిస్తున్నది నిర్లక్ష్యం. స్టేషన్ చుట్టూ తిరిగే రోజుల్లో గడువు ఆగదు.

బండి సొంతానికే వాడుతున్నారు కదా, కాబట్టి మీరు వినియోగదారుడి కిందే వస్తారు. మీరుండే ఒంగోలులోనే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేయొచ్చు. విజయవాడ వెళ్లక్కర్లేదు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. ఫిర్యాదుతో పాటే నమూనా పరీక్షకు దరఖాస్తు పెట్టండి. కారు తయారీ కంపెనీని ఇందులోకి లాగకండి, వాయిదాలు పెరగడం తప్ప లాభం లేదు.

అందాకా బండి ఉంచినందుకు షెడ్డువాళ్లు పార్కింగ్ చార్జీ అడిగితే కట్టేయండి. రసీదు మాత్రం తీసుకోండి, ఈసారైనా.