పొలం గట్టు రాళ్ల మీద పచ్చ మరక, పగలగొడితే లోపల పసుపు మెరుపు: రాగి, బంగారం ఉన్నట్టేనా?

అడిగినాయన ప్రశ్న క్లుప్తంగా ఇది: వినుకొండ వైపు వాళ్ల పొలం పక్కన చిన్న గుట్ట ఉంది. రాళ్ల మీద చిలకపచ్చ మరకలు, పగలగొడితే లోపల పసుపు చుక్కలు. పైన పాత గుంత ఒకటి ఉంది. గని పడుతుందా, బంగారం ఉంటుందా?

నేను ఉద్యోగంలో మొదటి కొన్నేళ్లు ఆ చుట్టుపక్కలే ఖనిజాన్వేషణ క్యాంపుల్లో పనిచేశాను. మీది రాగి గుర్తే కావచ్చు. గని పడటం మాత్రం చాలా దూరపు మాట.

ఆ పచ్చ రంగు మీకు తెలియనిది కాదు. రాగి చెంబుకు పట్టే చిలుముకు దగ్గరి చుట్టమే. మావాళ్లు దాన్ని మాలకైట్ అంటారు. పక్కన మైలుతుత్తం లాంటి నీలం కనిపిస్తే అది అజురైట్. లోపలి పసుపు చుక్క చాల్కోపైరైట్, అంటే రాగి, ఇనుము, గంధకం కలిసిన ఖనిజం. వాన నీళ్లు, గాలి తగిలితే అది కరుగుతుంది. ఇనుము అక్కడే తుప్పులా ఎర్రగా మిగులుతుంది. రాగి నీళ్లతో జారి, పగుళ్లలో మళ్లీ పచ్చగా అంటుకుంటుంది. చిటికెడు రాగి చాలు, బండంతా రంగు పూసినట్టు కనపడుతుంది. చిక్కు అక్కడే. చిలుము చూసి చెంబు ఎంత బరువో చెప్పలేం కదా.

ఈ తప్పు నేనే చేశాను. చేరిన రెండో ఏడు, మీ గుట్టలాంటి చోటే ఒక పాత గుంత గోడ నుంచి బాగా మెరిసే ముక్కలు ఏరి ల్యాబ్‌కు పంపాను. ఏడు శాతం రాగి అని వచ్చింది. క్యాంపంతా చెప్పుకు తిరిగాను. మా సీనియర్ ఏమీ అనలేదు. మర్నాడు నన్ను అదే గోడ దగ్గరికి తీసుకెళ్లి, పొరకు అడ్డంగా నాలుగు మీటర్లు టేపు పట్టించారు. కింద ప్లాస్టిక్ పట్టా పరిచి, ఉలితో అరచేయి వెడల్పున గాడి కొట్టించారు. మంచి రాయి, చెత్త రాయి తేడా లేకుండా పడిన పొడంతా సంచిలోకి. మూడు వారాలకు రిజల్ట్: అర శాతం కూడా లేదు. "పొంగల్లో జీడిపప్పులు ఏరి చూపించి గిన్నెంతా జీడిపప్పే అన్నావు" అన్నారాయన. ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు.

తర్వాత డ్రిల్లింగ్ కూడా చేశాం. బావి బోరులా నిటారుగా కాదు, పొరను కోసుకుంటూ వెళ్లేలా ఏటవాలుగా. రాయి కడ్డీలుగా బయటికొస్తుంది, కోర్ అంటాం. ట్రేలో పేర్చి మగ్గుతో నీళ్లు పోసి లెన్స్‌తో చూస్తే, బూడిదరంగు డోలమైట్‌లో (సున్నపురాయి లాంటి రాయి) కుట్టుదారమంత సన్నగా పసుపు గీత. ఒక బోరులో అవి దగ్గర దగ్గరగా మీటరు మందాన వచ్చాయి. టెన్షన్‌తో రెండో బోరు యాభై మీటర్ల పక్కన వేశాం. ఒక్క గీత లేదు. ఆ గుట్ట కథ అక్కడితో సరి.

మీ ప్రాంతం మాత్రం మామూలుది కాదు. మీ దగ్గరి అగ్నిగుండాల ఊరి పేరు వింటే నాకు కొలిమి గుంతలే గుర్తొస్తాయి (ఇది నా ఊహే, శాసనం చూసి చెప్పడం లేదు). సామర్లకోట తోట చూసుకున్న ఈస్టిండియా కంపెనీ వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ హెయిన్ మన కోస్తా జిల్లాల రాగి గురించి రాసింది 1814లోనే అచ్చయింది. స్వాతంత్ర్యం తర్వాత జియలాజికల్ సర్వే వాళ్లు అక్కడి కొండలను వివరంగా పరిశీలించారు. రాళ్లు, మావాళ్ల లెక్కలో, కడప మహాసమూహం అనే పాత రాతిపొరల పెద్ద గుంపులోని నల్లమల వర్గానివి, అందులో కంభం పొరలు: పలకరాయి, డోలమైట్, క్వార్ట్‌జైట్ (గట్టిపడిన ఇసుకరాయి). నల్లకొండ, ధూకొండల్లో రాగి, బండ్లమోటులో సీసం. రాగి పేరుతో మొదలైన వెతుకులాటలో, చివరికి గనిగా నిలదొక్కుకున్నది బండ్లమోటు సీసమే. హిందుస్థాన్ జింక్ నడిపింది, తర్వాత అదీ మూతపడింది.

ఇక బంగారం. మీకు కనిపించే పసుపు దాదాపుగా బంగారం కాదు. చాకు మొనతో గీకండి. చాల్కోపైరైట్ పొడిగా రాలుతుంది. పైరైట్‌కు (ఇనుము, గంధకం మాత్రమే కలిసిన ఇంకో పసుపు ఖనిజం) గీతే పడదు. బంగారమైతే రాలదు, సీసంలా అణిగిపోతుంది. గరుకు పింగాణీ పెంకు మీద రుద్దితే చాల్కోపైరైట్ పచ్చదనం కలిసిన నల్ల గీత ఇస్తుంది, బంగారం పసుపు గీతే ఇస్తుంది. రాగి ఖనిజంలో బంగారం ఉండదని కాదు. జార్ఖండ్‌లో ఘాట్‌శిల కర్మాగారంలో రాగిని శుద్ధి చేశాక తొట్టె అడుగున మిగిలే మడ్డి నుంచి బంగారం తీశారు. కానీ అది కంటికి ఆనేది కాదు. ఒక పీపీఎం అంటే టన్ను రాయికి ఒక్క గ్రాము. అదే టన్నులో ఒక శాతం రాగి ఉంటే పది కిలోలు. అందుకే అలాంటి చోట బంగారం రాగికి తోడుగా వచ్చేది, దాని కోసమే గని తవ్వరు.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. భూమి కింది ఖనిజం భూయజమానిదేనని 2013లో సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పింది నిజమే. అయినా 1957 నాటి గనుల చట్టం ప్రకారం లీజు లేకుండా తవ్వకూడదు. రాగి, బంగారం లీజులు 2015 సవరణ తర్వాత వేలంలోనే ఇస్తున్నారు. గుట్ట మీ పట్టాలో ఉందో, ప్రభుత్వ పోరంబోకో అది వేరే చూసుకోవాలి. "లీజు ఇప్పిస్తాం, అడ్వాన్సు ఇవ్వండి" అని ఎవరైనా వస్తే కాఫీ ఇచ్చి పంపేయండి.

ఆ పాత గుంతలోకి మాత్రం దిగొద్దు. పాత తవ్వకాల్లో గోడలు వదులుగా ఉంటాయి, అడుగున గాలి ఆడదు, కొన్నిసార్లు పాములుంటాయి.

ఈలోగా రెండు విషయాలు చూసి రాయండి. పచ్చ మరక గట్టు వెంట ఎన్ని అడుగులు సాగుతోంది, ఏ దిక్కుకు? చుట్టుపక్కల చేలల్లో నల్లగా, బరువుగా, బుడగలు పట్టిన చిట్టెం రాళ్లు దొరుకుతున్నాయా? దున్నేటప్పుడు నాగలికి తగిలేవి మీ ఇంట్లో పెద్దవాళ్లకు గుర్తుంటాయి. చిట్టెం ఉందంటే ఒకప్పుడు అక్కడ రాయి కరిగించారని అర్థం. అప్పుడు నేనే బస్సెక్కి వస్తాను.