సర్జరీ, రీసెర్చ్ రెండూ చేయాలనుకునే అమ్మాయికి అసలు అడ్డంకి పెళ్లీ పిల్లలేనా?

అందరూ చెప్పే జవాబు అదే. కాదనను గానీ, పన్నెండేళ్లుగా ఆపరేషన్లు చేస్తున్న నన్నడిగితే అసలు అడ్డంకి నా చేతి సైజు అంటాను. నవ్వకండి.

ట్రైనింగ్ రెండో ఏడాది. ల్యాపరోస్కోపీలో, అంటే చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పెట్టి చేసే పేగు ఆపరేషన్, మొదటిసారి స్టేప్లర్ నా చేతికిచ్చారు. పేగుని కోస్తూనే రెండు పక్కలా పిన్నులు కొట్టే పరికరం అది. హ్యాండిల్ చివరిదాకా నొక్కాలి, సగంలో వదిలేస్తే కుదరదు. నాకు వేళ్ల కొసలే అందాయి. నొక్కాను, సగం దూరం వెళ్లి ఆగింది. రెండో చెయ్యి కూడా వేశాను. సార్ మాస్క్‌లోంచే, "బలం చాలట్లేదామ్మా? గైనిక్ తీసుకోవాల్సింది నువ్వు" అన్నారు. (గైనిక్‌లో పరికరాలు పూలతో చేస్తారనుకుంటా.) మత్తు డాక్టర్ గారు కిసుక్కున నవ్వారు. సార్ దాన్ని తీసుకుని ఒక్క చేత్తో టక్కున నొక్కేశారు.

నిజంగానే బలం లేదేమో అనుకుని నెలన్నర పాటు చేతిలో గ్రిప్పర్ పెట్టుకుని నొక్కుతూ తిరిగాను. ఒకరోజు వాడేసి పక్కన పడేసిన స్టేప్లర్ కడిగి, తీరిగ్గా పట్టుకుని చూస్తే విషయం అర్థమైంది. హ్యాండిల్ పూర్తిగా తెరిచి ఉన్నప్పుడు నా వేళ్ల చివరి గీత కూడా దాని మీదకి రావడం లేదు. నా గ్లవ్ సైజు 6, సార్‌ది ఏడున్నర. చిన్న చేయి ఉన్న మగ డాక్టర్‌కీ ఇదే కష్టం, కానీ అతన్ని ఎవరూ గైనిక్‌కి పొమ్మనరు.

ఇక మొదలుపెడితే ఆగను. 6 సైజు అయిపోయిందని ఏడు ఇస్తారు, ముడి వేస్తుంటే వేలి కొసన వేలాడే గ్లవ్ కూడా ముడిలో ఇరుక్కుంటుంది. టేబుల్ సార్ ఎత్తుకి పెడతారు కాబట్టి నేను స్టూల్ ఎక్కాలి, ఎక్కితే కింద ఉన్న కాటరీ (కరెంటు వేడితో కోసి రక్తం ఆపే పరికరం) పెడల్ కాలికి అందదు. ఎక్స్‌రే ఉన్నచోట వేసుకునే లెడ్ ఏప్రన్ చంకల దగ్గర వదులుగా తెరుచుకుని ఉంటుంది, రొమ్ములో చంక వైపు పైభాగం బయటే.

రీసెర్చ్‌కి వెళ్లినా ఇదే కథ. ల్యాబ్‌లో మొదటి రోజే "ఆడ ఎలుకలు వద్దు, హార్మోన్లతో రిజల్ట్స్ చెదిరిపోతాయి" అన్నారు. అమెరికాలో 1977లో మందులకి అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ పిల్లల్ని కనే వయసు ఆడవాళ్లని తొలిదశ మందుల పరీక్షలకి దూరం పెట్టమంది, 1993లో గానీ మార్చుకోలేదు. జోల్పిడెమ్ అనే నిద్రమాత్ర ఆడవాళ్ల ఒంట్లో ఎక్కువసేపు ఉండిపోతుందని 2013లో వాళ్ల డోసు 10 మిల్లీగ్రాముల నుంచి ఐదుకి తగ్గించారు. అప్పటికి ఆ మందు మార్కెట్‌లోకి వచ్చి ఇరవై ఏళ్లు. నా స్టేప్లర్ లాంటిదే అది కూడా, వేరేవాళ్ల కొలతలకి చేసింది.

ఇలాంటి మాట ఎత్తితే చాలు, వర్జీనియా ఆప్గార్ పేరు చెప్తారు. సర్జరీ నేర్చుకున్న మనిషిని అందులో ఉండొద్దని ఆమె పెద్ద సారే నిరుత్సాహపరిస్తే మత్తు విభాగానికి వెళ్లింది, 1952లో అప్పుడే పుట్టిన పిల్లల్ని ఐదు లక్షణాలతో చూసి మార్కులేసే పద్ధతి కనిపెట్టింది. చూశావా దారి మారితే ఎంత పేరొచ్చిందో అంటారు. ఒళ్లు మండుతుంది. మత్తు విభాగం బాగుపడింది సరే, సర్జరీ ఏం పోగొట్టుకుందో ఎవరైనా లెక్కేశారా?

ఇంతకీ రెండూ చేయొచ్చా అనే కదా మీ సందేహం. చేయొచ్చు, నేను చేస్తున్నాను. చేరేముందు మాత్రం ఆపరేషన్ థియేటర్ ఇన్‌ఛార్జిని 6 సైజు గ్లవ్స్ తెప్పిస్తారా, పెడల్ స్టూల్ మీద పెట్టిస్తారా అని అడగండి. "ఉన్నవాటితో సర్దుకో" అంటే ఇంకో చోటు చూసుకోండి.