ఆ పోయెమ్‌లో కిస్‌మిస్ ఎవరు మేడం?

ప్రశ్న: నమస్తే మేడం, మాది అనంతపురం, బెంగళూరులో బీఏ ఇంగ్లీష్ చదువుతున్నా, మారతహళ్లిలో పీజీలో ఉంటా. మాకు లొరైన్ హాన్స్‌బెర్రీ నాటకం 'ఎ రైజిన్ ఇన్ ది సన్' ఉంది, చికాగోలో ఇరుకు ఫ్లాట్‌లో ఉండే నల్లజాతి కుటుంబం కథ. దాని ముందు లాంగ్‌స్టన్ హ్యూస్ పోయెమ్ 'హార్లెం' వేశారు కదా, వాయిదా పడ్డ కల ఏమవుతుంది, ఎండలో కిస్‌మిస్‌లా ఎండిపోతుందా, పుండై చీము పడుతుందా, కంపు కొడుతుందా, పైన చక్కెర పేరుకుంటుందా, బరువై కుంగుతుందా, లేక పేలిపోతుందా అని. నేను లైన్‌కో క్యారెక్టర్‌ని పెట్టి రాసేశా, వాల్టర్ పేలుడు, రూత్ బరువు, ఇలా. వాల్టర్ వాళ్లమ్మ లీనాకి మాత్రం ఏదీ కుదరట్లేదు. నా రూమ్మేట్ అసలు అలా రాయకూడదు అంటోంది. నిజమేనా?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: మీ రూమ్మేట్ చెప్పింది కరెక్టేనమ్మా, కాకపోతే రాసిందంతా చింపేయక్కర్లేదు. ఆ లైన్లు ఒక్కో మనిషికి అంటించే లేబుల్స్ కావు, ఒకే మనిషిలో పొద్దున ఒకటి, సాయంత్రం ఇంకోటి కనిపిస్తాయి. వాల్టర్‌నే తీసుకో. మొదటి సీన్‌లో కొడుకు ట్రావిస్ స్కూల్‌కి యాభై సెంట్లు అడిగితే రూత్ లేవు పొమ్మంటుంది, వాల్టర్ పెళ్లాం వైపు గుర్రుగా చూస్తూ ఆ యాభై ఇచ్చేస్తాడు, అక్కడితో ఆగకుండా పళ్లు కొనుక్కో, టాక్సీలో పో అని ఇంకో యాభై కూడా ఇస్తాడు, తీరా పనికి బయల్దేరాక చూసుకుంటే దారి ఖర్చులకి తన దగ్గరే లేవు, మళ్లీ వెనక్కొచ్చి రూత్‌నే అడుక్కుంటాడు. ఇందులో పేలుడెక్కడుంది చెప్పు? ఇది పైన పేరుకున్న చక్కెర, కొడుకు ముందు దర్జా, జేబు ఖాళీ.

లీనా కుదరట్లేదన్నావ్, నన్నడిగితే అసలు కిస్‌మిస్ ఆవిడే. పెళ్లైన కొత్తలో ఏడాదికి మించి ఉండం అనుకుని మొగుడూ పెళ్లాం ఆ ఫ్లాట్‌లో దిగారు, ఆయన పని చేసీ చేసీ పోయాడు, వచ్చింది 10,000 డాలర్ల ఇన్సూరెన్స్ చెక్కు. ఇక్కడ నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది, గైడ్‌లు దీన్ని పెద్దగా పట్టించుకోవు. పోయెమ్‌లో ఎండ కలని ఎండగొట్టేది, నాటకంలో వీళ్లకి లేనిదే ఎండ. ఉన్నది ఒక్క చిన్న కిటికీ, లీనా మొక్క అక్కడే బతుకీడుస్తుంటుంది. కొత్తిల్లు కొన్నానని లీనా చెప్పాక, బాత్రూం ఇంట్లోనే ఉంటుందా అన్నట్టు ఆరాలు తీయాల్సిన రూత్, ఆ ఇంట్లో ఎండ బాగా వస్తుందా అని అడుగుతుంది. ఆన్సర్‌లో ఇది తప్పకుండా రాయి. బరువు లైన్ రూత్‌కి పెట్టావుగా, సరే, కానీ వాల్టర్ వ్యాపారానికిచ్చిన డబ్బు విల్లీ అనే పార్ట్‌నర్ ఎత్తుకుపోయాక కూడా బిడ్డని వీపున కట్టుకుని రోజుకి ఇరవై గంటలు పనిచేస్తా, ఇల్లు మాత్రం వదలొద్దు అనేది కూడా ఆమే, అంటే బరువు తనే కావాలని ఎత్తుకుంటోంది. వాల్టర్ చెల్లెలు బెనీథాని మర్చిపోకు, డాక్టర్ చదువు మీద ఆమెకి నమ్మకం పోయే చోట పుండు లైన్ సరిపోతుంది.

ఇంకో మాట. కల ఏమవుతుందనే పోయెమ్ అడుగుతుంది, వాయిదా వేసిందెవరో అడగదు. నాటకం ఆ మనిషిని ఇంట్లోకే తెస్తుంది, కార్ల్ లిండ్నర్, నల్లవాళ్లు మా ఏరియాకి రావొద్దు, ఎదురు డబ్బులిస్తాం అని ఎంతో మర్యాదగా చెప్తాడు. బెంగళూరులో ఇల్లు వెతికినవాళ్లకి ఆ మర్యాద తెలిసే ఉంటుంది, టూలెట్ బోర్డు ఉంటుంది, మీ ఊరూ కులమూ చెప్పాక ఇల్లు వేరేవాళ్లకి ఇచ్చేశామంటారు. హాన్స్‌బెర్రీ కల్పించిందేం కాదిది, వాళ్ల నాన్న చికాగోలో తెల్లవాళ్ల ఏరియాలో ఇల్లు కొంటే కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది, 1940లో తీర్పొచ్చింది.

పేలుడు లైన్‌ని మాత్రం చివర్లో వాల్టర్ లిండ్నర్‌కి కుదరదని చెప్పే సీన్‌కి తగిలించకు, అక్కడ అతను అరవడు, కొడుకు పక్కనే ఉండగా నీళ్లు నములుతూ చెప్తాడు. డబ్బు పట్టుకుని విల్లీ పారిపోయాడని తెలిసే సీన్‌లో పెట్టు.